ఎ గ్రేడు బడిలో వంటమనిషి

నా ఉద్యోగంలో నేను రాసిన అబద్ధాల్లోకెల్లా పెద్దది రెండువేల ఆరు ఫిబ్రవరిలో, జువ్విమెరక ఎలిమెంటరీ స్కూల్లో, నీలం బాల్‌పెన్నుతో రాశాను. యాభై రెండు మంది పిల్లల్లో నలభై ఒక్కరికి ‘ఎ’ గ్రేడు వేశాను. ‘ఎ’ అంటే తడుముకోకుండా చదవగలరు, చెప్పింది తప్పుల్లేకుండా రాయగలరు అని. కింద నా సంతకం: బి. ఉదయభాస్కర్, మండల రిసోర్స్ పర్సన్. అది అబద్ధమని నాకు తెలుసు, హెడ్మాస్టరుకి తెలుసు, మా మండల విద్యాధికారికీ తెలుసు. తెలిసిన వాళ్లం ముగ్గురం ఉద్యోగస్తులం, ముగ్గురం నోరు మూసుకున్నాం. నోరు విప్పింది ఆ బళ్లో మధ్యాహ్నం అన్నం వండే వీరమ్మ.

ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం నా మీదేనని ఒప్పుకుని మొదలుపెడతాను.

మొగల్తూరు నుంచి సముద్రం వైపు దిగుతుంటే వరిచేలు తగ్గి రొయ్యల చెరువులు మొదలవుతాయి. ఆ చెరువుల మధ్య కాస్త ఎత్తు మీద జువ్విమెరక. ఊళ్లో సగం రైతులు, సగం కూలీలు. కూలీల పేటలో లూథరన్ చర్చి ఉంది. ఆ చర్చికి నాలుగిళ్ల అవతల వీరమ్మ పుట్టింది. మేనబావ ఏసురాజునే చేసుకోవడంతో అక్కడే ఉండిపోయింది కూడా. నేనెరిగేసరికి ఆవిడకి నలభై ఎనిమిదేళ్లు. బక్కగా, పొడుగ్గా ఉండేది. చూపు మాత్రం మనిషి మీద నుంచి తొందరగా తీసేది కాదు.

ఆవిడ చదువు ఐదో తరగతి. అదీ ఇదే బళ్లో, బడి తాటాకుల పాకగా ఉన్న రోజుల్లో. అప్పట్లో ఒక్కరే మేస్టారు. ఐదు తరగతులూ ఆయనే చూసేవారట. పిల్ల పుస్తకం గడగడా చదివేస్తే నమ్మేవారు కాదట. కిరాణా కొట్లో పొట్లం కట్టిన కాగితం విప్పి, “ఇది చదువు” అనేవారట. పొట్లం కాగితం చదివితేనే పై తరగతి. అలా ఐదు తరగతులు దాటి వీరమ్మ ఊడ్పుల్లోకి వెళ్లింది. ఊడ్పులు లేని రోజుల్లో నరసాపురం ఏజెంటు ఇచ్చిన దారంతో లేసు అల్లింది. చదువు మాత్రం ఊరికే పోలేదు. తొంభైల్లో మా వైపు ఆడవాళ్లు ఇళ్లల్లో పని చేయడానికి కువైట్, మస్కట్ వెళ్లడం జోరుగా ఉండేది. వాళ్ల దగ్గర నుంచి వచ్చే ఉత్తరాలన్నీ పేటలో వీరమ్మే చదివిపెట్టేది. జవాబులూ ఆవిడే రాసేది.

తొంభై ఏడులో ఆవిడ కూతురు సువార్త కూడా కువైట్ వెళ్లింది. సువార్త చదివింది ఏడో తరగతి. తల్లి కంటే రెండేళ్లు ఎక్కువ. రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. ‘అమ్మా, నేను క్షేమం. దొరసాని మంచిది. భోజనం బాగుంది.’ మూడు నెలలకి ఇంకోటి, అవే మాటలు. దస్తూరి మాత్రం పిల్లది కాదు. అక్కడి డ్రైవరెవరో రాసిపెడుతున్నాడు, పిల్ల పని తొందరలో ఉందేమో అనుకుంది వీరమ్మ. రెండేళ్లకి సువార్త వంకర తిరిగిన ఎడమ చేత్తో ఊళ్లో దిగింది. ఇస్తిరిపెట్టెతో కాల్చిన మచ్చలు వీపు మీద ఉన్నాయి.

“ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేకపోయావా తల్లీ?” అని అడిగింది వీరమ్మ.

“రాయడం వస్తే కదమ్మా! ఆ డ్రైవరు మా దొర మనిషి. వాడితో ఏం రాయించను?”

ఏడేళ్లు బడికెళ్లిన పిల్ల. ప్రతి ఏడూ పాసు. చేతిలో ఏడో తరగతి సర్టిఫికెట్టు. తల్లికి చదవడం వచ్చు, తన బాధ రాసి పంపడం మాత్రం కూతురికి రాదు. ఆ సంగతి నాతో చెప్పిన రోజు వీరమ్మ ఏడవలేదు. “నా కూతుర్ని కొట్టింది ఆ దొరసాని అండి. కానీ దాన్ని మూగదాన్ని చేసి పంపింది మన బడి” అంది, అంతే.

రెండువేల మూడులో బళ్లల్లో మధ్యాహ్న భోజనం వచ్చింది. జువ్విమెరకలో వంట వీరమ్మకీ, ఆవిడ తోడికోడలు రత్నమాణిక్యానికీ ఇచ్చారు. పేట వాళ్లు వండితే మా పిల్లలు తినరని ఊళ్లో కొందరు గొణిగారు. నెల తిరిగేసరికి సాంబారు వాసనకి ఆ పిల్లలూ కంచాలు పట్టుకుని వచ్చి కూర్చున్నారు.

వంటపాక బడి వరండాకి ఎదురుగా ఉండేది. పొద్దున్న తొమ్మిది నుంచి రెండు దాకా వీరమ్మ కళ్ల ముందే బడి నడిచేది. నడిచేది అనడం కూడా తప్పే. హెడ్మాస్టరు పల్లంరాజు గారికి బడికి కూతవేటు దూరంలో పది ఎకరాల రొయ్యల చెరువుంది. తొమ్మిదిన్నరకి వచ్చి సంతకం పెట్టేవారు. పదకొండింటికి మేత వేళ అని వెళ్లేవారు. భోజనాల వేళకి వస్తే వచ్చినట్టు. రెండో టీచరు పోస్టు మూడేళ్లుగా ఖాళీ. విద్యా వాలంటీరు రమేష్ బాబు అనే కుర్రాడు ఐదు తరగతుల్నీ రెండు గదుల్లో కుక్కి, బోర్డు మీద ప్రశ్నా జవాబూ రాసేవాడు. పిల్లలు దాన్ని బొమ్మ గీసినట్టు దించుకునేవారు. వాళ్ల నోటుపుస్తకాలు చూస్తే కళ్లకద్దుకోవాలనిపించేది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఏం రాశావని అడిగితే మాత్రం ఒక్కడూ చెప్పలేడు.

ఈ సంగతి వీరమ్మకి తెలిసింది కూర దగ్గర. వంటపాక గోడ మీద ఏ రోజు ఏ కూరో పెయింటుతో రాయించారు. రెండువేల ఐదు దసరా సెలవులయ్యాక ఒక రోజు, ఐదో తరగతి చదివే దుర్గాశ్రీ కంచం పట్టుకుని వచ్చి, “అత్తా, ఈవేళ ఏం కూరండి?” అని అడిగింది.

“గోడ మీద రాసుందిగా, చదువుకో” అంది వీరమ్మ, గరిటె తిప్పుతూ.

పిల్ల గోడ వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, “అది మా పుస్తకంలో లేదండి” అంది.

వీరమ్మ గరిటె ఆపేసింది. ‘బుధవారం, ఆకుకూర పప్పు.’ ఇది పుస్తకంలో లేదు కాబట్టి చదవలేదట ఐదో తరగతి పిల్ల! ఆవిడ ఆ రోజుకి ఏమీ అనకుండా వడ్డించింది. మర్నాటి నుంచి వారం రోజులు ఒక్కొక్క పిల్లనీ ఏదో వంకన పిలిచి, ఉప్పు పాకెట్టు మీదదో, అగ్గిపెట్టె మీదదో చదవమంది. ఎవరినీ నలుగురిలో అడగలేదు. చదవలేకపోతే, “సర్లే, ఆ నీళ్లిలా అందుకో” అని మాట మార్చేసేది. వారం అయ్యేసరికి లెక్క తేలింది. యాభై రెండు మందిలో చదివింది ఎనిమిది మంది. ఆ ఎనిమిది మందిలో ఐదుగురు ప్రైవేటుకి వెళ్తున్నవాళ్లు.

పల్లంరాజు గారి దగ్గరికెళ్లి చెప్పింది. ఆయన మోటారు సైకిలు స్టార్టు చేస్తూ విన్నారు.

“వీరమ్మా, నువ్వు వంట చూసుకో. పప్పులో ఉప్పెంత వేస్తున్నావని నేనెప్పుడన్నా అడిగానా?”

“అడగాలండి. పిల్లలు తినేదది. అడగకపోతే ఎలాగండి?” అంది వీరమ్మ.

బండి వెళ్లిపోయింది.

ఆ ఏడాది పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు వచ్చి తీరాలని పైనుంచి ఓ కార్యక్రమం వచ్చింది. ఉద్దేశం బంగారంలాంటిది. ప్రతి పిల్లనీ విడిగా చదివించి, ఎ, బి, సి, డి అని గ్రేడు వేసి, వెనకబడినవాళ్లకి వేరే పాఠం చెప్పాలి. మూణ్ణెల్ల తర్వాత మాలాంటి వాళ్లం వెళ్లి మళ్లీ పరీక్షించాలి. ఇందులో తప్పేముంది? తప్పు ఎక్కడ దూరిందంటే, ఏ మండలంలో ఎన్ని ‘ఎ’లు వచ్చాయో చూసి ఆఫీసర్లని మీటింగుల్లో నిలబెట్టి అడగడం మొదలైంది. అంతే. పిల్లలకి చదువు రప్పించడం కష్టం, కాగితానికి ‘ఎ’ రప్పించడం తేలిక. చదవాల్సిన కార్డులు సీలు కవర్లలో మా ఆఫీసుకొచ్చాయి. మా మండల విద్యాధికారి అప్పాజీ గారు వాటిని మూడు రోజుల ముందే స్కూళ్లకి పంపించేశారు. “పిల్లలకి కాస్త అలవాటు చెయ్యండి, కొత్తదైతే బెదిరిపోతారు” అన్నారు. కవర్లు నేనే పంచాను. నా బండి మీదే.

ఫిబ్రవరిలో జువ్విమెరక వెళ్లాను. దుర్గాశ్రీ నా ఎదురుగా నిలబడి కార్డు చేత్తో పట్టుకుని, వేలు పెట్టి చదివింది. ఆరు వాక్యాల కథ. ఓ పిల్ల తాతతో సంతకి వెళ్తుంది, గొడుగు మర్చిపోతుంది. గుక్కతిప్పుకోకుండా చదివింది. అయితే ఆ పిల్ల నోరు ఐదో వాక్యంలో ఉన్నప్పుడు వేలు ఇంకా మూడో వాక్యం దగ్గరే ఉంది. నేను చూశాను. ఆ పిల్ల కూడా నేను చూశానని చూసింది. ఒక్క క్షణం ఆగింది. నేనేమీ అనకపోయేసరికి మిగిలింది అప్పజెప్పేసింది. ‘ఎ’ రాశాను.

భోజనాలయ్యాయి. వరండాలో నాకూ ఓ కంచం పెట్టారు. వీరమ్మ చారు వంచుతూ అడిగింది. “మేస్టారండీ, దుర్గాశ్రీకి ఏం వేశారండి?”

“ఎ గ్రేడమ్మా. మీ బళ్లో పిల్లలు బాగా చదువుతున్నారు” అన్నాను. ఆ ‘బాగా’ ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

ఆవిడ చారుగిన్నె కింద పెట్టింది. “తమరు రాసింది అబద్ధమండి.”

పల్లంరాజు గారు కంచం ముందు నుంచి తలెత్తి గుడ్లురిమారు. “ఏంటి వీరమ్మా, నోరు లేస్తోంది?”

“నోరు లేవడం కాదండి. ఆ పిల్లనిప్పుడు నేను పిలవను. నలుగుర్లో పెట్టి దాన్ని ఏడిపించడం నాకిష్టం లేదు, తప్పు దానిది కాదు కాబట్టి. మేస్టారు గారే లోపలికెళ్లి, ఆయన జేబులో ఉన్న కాగితం ఏదన్నా ఇచ్చి చదివించమనండి. చదివితే ఈ ఊరు వదిలి పోతానండి.”

అంత కోపంలోనూ ‘అండి’ వదల్లేదు. నేను లోపలికి వెళ్లలేదు. ఇంకో స్కూలుందని, టైమైపోయిందని ఏదో నీళ్లు నమిలి, చెయ్యి కడుక్కుని బండెక్కాను.

వారం తిరక్కుండా వీరమ్మ బస్సెక్కి మా ఆఫీసుకొచ్చింది. అప్పాజీ గారు ఆవిణ్ని గంటన్నర బయట కూర్చోబెట్టి లోపలికి పిలిచారు.

“ఏదైనా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వాలమ్మా. ఎవరిచేతనైనా రాయించుకురా” అన్నారు.

“ఎవరిచేతో ఎందుకండి? తెల్లకాగితం ఇప్పించండి” అని అక్కడే బల్ల మీద వంగి రాసింది. రెండు పేజీలు. ఏ తరగతిలో ఏ పిల్ల ఏది చదవలేకపోయిందో పేర్లతో సహా. హెడ్మాస్టరు ఏ రోజు ఎన్నింటికి వెళ్లారో, కార్డులు ముందే ఎలా బట్టీ వేయించారో కూడా. అప్పాజీ గారు చదివి, కళ్లజోడు తీసి, “నువ్వే రాశావా?” అన్నారు. తన కళ్ల ముందే రాసింది కదా, అయినా అడిగారు. ఆవిడ వెళ్లాక ఆ కాగితం సొరుగులోకి పోయింది. అప్పాజీ గారు చెడ్డవాడనను. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది, కదిపితే తన మీదికొస్తుందని భయం. ఇలాంటి మర్యాదస్తుల భయమే ఎన్ని బళ్లని తినేసిందో!

మార్చి రెండో వారంలో వీరమ్మకి నోటీసు వచ్చింది. బియ్యంలో పురుగులు ఏరకుండా వండుతోందనీ, పిల్లల మీద అరుస్తోందనీ తల్లులే ఫిర్యాదు చేశారనీ, అందుకని వంట పని నుంచి తీసేస్తున్నామనీ. ఫిర్యాదు కాగితం నకలు జతచేశారు. కింద పదకొండు వేలిముద్రలు. పదకొండుమందీ పేట తల్లులే. ఆ ముద్రల పక్కన పేర్లు పల్లంరాజు గారి దస్తూరీలో ఉన్నాయి. మూడో పేరు పెద్దింట్లమ్మ. దుర్గాశ్రీ తల్లి.

నోటీసు తీసుకుని వీరమ్మ సరాసరి పెద్దింట్లమ్మ ఇంటికెళ్లింది. నిలదీయడానికే వెళ్లింది. పెద్దింట్లమ్మ లేసు అల్లుకుంటూ అరుగు మీద కూర్చుని ఉంది. ఈ కాగితంలో ఏముందో తెలుసా అని అడిగితే, “గుడ్డు గురించి కదా వదినా? వారానికి రెండు గుడ్లు పెట్టాలని గవర్నమెంటుకి రాస్తున్నామన్నారు రాజుగారు. మంచి పనే కదా అని వేలేశాను” అంది.

వీరమ్మ అరుగు మీద కూలబడి కాగితం చదివి వినిపించింది. పెద్దింట్లమ్మ చేతిలోంచి లేసు జారిపోయింది. “అయ్యో, నా చేత్తో నీ కూడు తీసేశానా!” అని నెత్తి బాదుకుంది.

తల్లికి చదువు రాదు కాబట్టి వేలిముద్రతో మోసం చేశారు. బిడ్డకి చదువు రాకుండా ‘ఎ’ గ్రేడుతో మోసం చేశారు. ఒకే ఇంట్లో రెండు తరాలు, ఒకే మేస్టారి చేతిలో! ఇది విన్న రోజు నేను మొగల్తూరులో టీ కొట్టు దగ్గరున్నాను. రత్నమాణిక్యం ఎదురుపడి నన్ను తిట్టలేదు, సంగతి చెప్పింది. చేతిలో టీ అలాగే చల్లారిపోయింది. అయినా ఆ రోజు కూడా నేను చేసిందేమీ లేదు.

చేసింది వీరమ్మే. పదకొండుమంది తల్లులతో, ‘మాకు ఈ కాగితం చదివి వినిపించలేదు’ అని ఇంకో అర్జీ రాసింది. ఈసారి రాసింది వాళ్లకి మూడుసార్లు చదివి వినిపించి, ఏముందో వాళ్లనే తిరిగి చెప్పమని అడిగి, అప్పుడు వేలు వేయించింది. ఏలూరు జిల్లా ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో పంపింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ పంపింది. నరసాపురంలో ఓ పత్రికా విలేకరిని పట్టుకుని సంగతంతా చెప్పింది. జిల్లా పేజీలో నాలుగు వేళ్లంత వార్త వచ్చింది: ‘పిల్లలకు చదువు రావడం లేదన్నందుకు వంటమనిషిపై వేటు’. అది పడ్డ ఐదో రోజున ఏలూరు నుంచి ఓ అధికారిణి జీపులో దిగింది.

ఏప్రిల్ ఎండలో బడి వరండాలో మీటింగు. పేట, ఊరు రెండూ వచ్చాయి. నన్నూ రమ్మన్నారు. పల్లంరాజు గారు తెల్లచొక్కాతో, అప్పాజీ గారు ఫైలుతో కూర్చున్నారు. సర్పంచి లేచి, “ఇది ఊరి విషయమండి, మాలో మేం సర్దుకుంటాం” అని మొదలెట్టాడు. అధికారిణి వీరమ్మ వైపు తిరిగి, “మీకేం కావాలమ్మా? పని తిరిగి కావాలా?” అని అడిగింది.

“అది తర్వాతండి. ముందు ఈ వేలిముద్రల కాగితం, వేలేసిన వాళ్లందరూ వినేలా గట్టిగా చదివించండి. అదయ్యాక పిల్లల్ని లోపల ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి, తమరు తెచ్చిన పుస్తకం ఏదైనా చదివించండి. జనం ముందు కాదండి, లోపల.”

అధికారిణి కాగితం నాకందించింది. చదివాను. ‘పురుగుల అన్నం’ అన్న చోట తల్లుల్లోంచి గోల లేచింది. పెద్దింట్లమ్మ లేచి నిలబడింది. పల్లంరాజు గారి ఎదుట ఆవిడెప్పుడూ తలెత్తి మాట్లాడిన మనిషి కాదు. “గుడ్డు కోసమని చెప్పారండి మాకు! దేవుడి సాక్షి, గుడ్డని చెప్పారు. మా పిల్లలకి అన్నం పెట్టే మనిషి మీద మా చేతే ముద్రలేయించారు. మాకు చదువు రాదని కదండీ ఇంత పని చేశారు? మా పిల్లలకీ రాకపోతే రేపు వాళ్లచేత ఏం వేయించుకుంటారండి?”

పల్లంరాజు గారు, “ఎవరో రెచ్చగొడుతున్నారు” అని గొణిగారు.

అధికారిణి నా వైపు చూసింది. “ఈ బడికి గ్రేడు వేసింది మీరే కదూ?”

“అవునండి.”

“పిల్లలు చదివారా?”

అప్పాజీ గారు దగ్గారు. నాకు ఆ పిల్ల వేలు కనబడింది, మూడో వాక్యం దగ్గర. “లేదండి. అప్పజెప్పారు. అది తెలిసే ఎ వేశాను” అన్నాను. వీరమ్మ ముఖంలో మెచ్చుకోలేమీ కనిపించలేదు. రెండు నెలల క్రితం చెప్పాల్సిన మాట ఇప్పుడు చెబితే ఎవరు మెచ్చుకుంటారు?

మధ్యాహ్నం దాకా అధికారిణి లోపల కూర్చుని తనే చదివించింది. కొత్త కథ చదవగలిగింది తొమ్మిది మంది. వీరమ్మ చెప్పిందానికి ఒక్కరు ఎక్కువ.

ఇక్కడితో న్యాయం జరిగిందని రాయాలని నాకూ ఉంది. జరిగింది చెబుతాను. పల్లంరాజు గారిని బదిలీ చేశారు. ఆయనకి ఇంకో చెరువుంది, దాని పక్కనున్న ఊరికి. ఇంకా దగ్గరైంది. నన్ను రిసోర్స్ పర్సన్ పని నుంచి తీసి మామూలు టీచరుగా వెనక్కి పంపారు. అది శిక్షని అందరూ జాలిపడ్డారు, నాకు మాత్రం ఊపిరాడింది. అప్పాజీ గారు సన్మానంతో రిటైరయ్యారు. మండలం లెక్కలు అప్పటికే పైకి వెళ్లిపోయాయి కాబట్టి కాగితాల్లో జువ్విమెరక ఇవాళ్టికీ నలభై ఒక్క ‘ఎ’ల బడే. వంట పని? కొత్త విద్యా సంవత్సరంలో సర్పంచి చెల్లెలికిచ్చారు. రూల్సు ప్రకారమేనట.

ఒక్క మంచి జరిగింది. ఖాళీ పోస్టులోకి ప్రిస్కిల్లా అనే టీచరమ్మ వచ్చింది. నిడదవోలు పిల్ల, మొదటి ఉద్యోగం. వీరమ్మ మొదటి రోజే వెళ్లి, “అమ్మా, శనివారం శనివారం మేం తల్లులం వచ్చి వరండాలో కూర్చుంటాం. పిల్లలు మాకు ఎప్పుడూ చూడని పేజీ ఒకటి చదివి వినిపించాలి. తమకేమన్నా కష్టమా?” అని అడిగింది. ఆ అమ్మాయి భయపడలేదు సరికదా, “నాక్కూడా అదే కావాలండి” అందట. లేసు అల్లుకుంటూ పదిహేను ఇరవై మంది తల్లులు వచ్చేవారు. చదువు రాని తల్లికి పిల్ల సరిగ్గా చదువుతోందో లేదో ఎలా తెలుస్తుందని నేనడిగితే, వీరమ్మ నా తెలివికి నవ్వింది. “చదివాక కథ చెప్పమంటామండి. తెలిసి చదివింది చెప్తుంది, చిలకలా వల్లించింది చెప్పలేదు. ఆ మాత్రం తెలుసుకోడానికి ట్రైనింగు కావాలాండి?”

రెండేళ్లలో ఆ బడి పిల్లలు నిజంగానే చదివారు. కానీ అంతకు ముందు వెళ్లిపోయిన ఐదో తరగతి బ్యాచి? పదకొండు మంది. దుర్గాశ్రీని తల్లి పట్టుపట్టి రోజూ సాయంత్రం హైస్కూలు వదిలాక వీరమ్మ అరుగు మీదికి పంపింది. ఆ పిల్ల సిగ్గు చంపుకుని, వీరమ్మ అక్కడ చదివించే రెండో తరగతి పిల్లల పక్కన కూర్చుంది. ఏడాదికి చదవడం వచ్చింది. ఇంకో ఇద్దరు తంటాలు పడి గట్టెక్కారు. మిగిలిన ఎనిమిది మందీ ఏడో తరగతి దాటలేదు. ఐదుగురు రొయ్యలు వొలిచే షెడ్లలో చేరారు. వాళ్ల ఐదేళ్లు ఎవరు తిరిగిస్తారు? వాళ్లకి చదువు రాలేదనడానికి నోరెలా వస్తుంది మనకి? వాళ్ల దగ్గర్నుంచి లాక్కున్నాం. లాక్కుని, రసీదు ఇచ్చినట్టు ‘ఎ’ అని రాసిచ్చాం. ఆ ఎనిమిదింటి కింద ఉన్నది నా సంతకం.

రెండువేల తొమ్మిది నవంబరులో నేను పెనుగొండ దగ్గర ఓ పల్లెలో మూడో తరగతి చెబుతున్నాను. ఒక రోజు పదిగంటలకి గుమ్మంలో నీడ పడింది. చూస్తే వీరమ్మ. చేతిసంచితో నిలబడి ఉంది. తలలో తెలుపు ఎక్కువైంది. ఆ ఊళ్లో ఆవిడ మరిది మనవరాలు ఉందట. నా క్లాసే. చూడ్డానికొచ్చి, మేస్టారెవరని అడిగితే నా పేరు చెప్పారట.

“రండి వీరమ్మ గారూ, కూర్చోండి” అన్నాను. ఆవిణ్ని ‘గారూ’ అనడం అదే మొదటిసారి.

ఆవిడ కూర్చోలేదు. సంచిలోంచి పాత వారపత్రిక ఒకటి తీసింది. “ఏమనుకోకండి మేస్టారూ. పిల్లల చేత ఇందులోది కాస్త చదివించాలండి. తమరు బయట ఉంటే మంచిది.”

నాకు కోపం రావాలి కదా? రాలేదు. నన్ను నమ్మకపోవడానికి ఆవిడకున్నంత హక్కు ఇంకెవరికుంది? బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఒక్కొక్క గొంతూ వినిపిస్తోంది. కూడబలుక్కుంటున్నవి, ఆగి మళ్లీ మొదలెడుతున్నవి. ముప్ఫై ఏళ్లు వస్తున్న సర్వీసులో ఏ ఇన్‌స్పెక్షనుకీ నేను అంతగా భయపడలేదు.

గంటకి బయటికొచ్చింది. “ముప్ఫై మంది చదివారండి.”

హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ కదల్లేదు. నా ఎదురుగా మెట్టు మీద నిలబడి, ఆ చూపు నా మీద నుంచి తీయకుండా అడిగింది. “క్లాసులో ముప్ఫై నలుగురున్నారు. ఆ నలుగురి సంగతేంటండి?”

లేచి లోపలికి వెళ్లి, ఆ నలుగురినీ నా దగ్గర కూర్చోబెట్టుకున్నాను. ఆవిడ గుమ్మం దగ్గరే చూస్తూ నిలబడింది.